కారుకీ ఊపిరాడాలి కదా!

పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే పాత కారుకి పని పడుతుంది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కి, మంచిర్యాల నుంచి వేములవాడకి, జగిత్యాల నుంచి నిర్మల్‌కి ఇంటిల్లిపాదీ బయల్దేరుతారు. వెనక సీట్లో చీరల సంచి, కాళ్ల దగ్గర మంచినీళ్ల క్యాన్, ఒళ్లో పిల్లాడు. కారు మాత్రం పిల్లాడి కంటే పదేళ్లు పెద్దది. టైర్లలో గాలి చూస్తాం, పెట్రోలు పోయిస్తాం, అద్దం తుడిచి నిమ్మకాయ కడతాం. ముందువైపు గ్రిల్ వెనక ఉండే రేడియేటర్ ఎలా ఉందో వంగి చూసేవాళ్లు ఎంతమంది? దాని సంగతి గుర్తొచ్చేది ఎప్పుడంటే, నడిరోడ్డు మీద బానెట్ సందుల్లోంచి ఆవిరి పొగలు కక్కినప్పుడు!

"ఇంజను సంగతులు మనకెందుకమ్మా, మగవాళ్లు చూసుకుంటారు" అంటారా? సంగతి విన్నాక మీరే చెప్పండి. ఇది జల్లెడ దులిపినంత పని. మన చేతులకి బాగా అలవాటైన పని.

చల్లార్చే పళ్లెం

మరిగే పాలు పిల్లాడికి వెంటనే ఇవ్వాలంటే ఏం చేస్తాం? రెండు గ్లాసుల్లో తిరగబోస్తాం. పొగలు కక్కే ఉప్మాని పళ్లెంలో పలచగా పరుస్తాం. గాలికి ఎంత ఎక్కువ ఆనితే అంత త్వరగా చల్లారుతుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రేడియేటర్ చేసే పని కూడా సరిగ్గా అదే.

ఇంజన్లో కాలే పెట్రోలు శక్తిలో సుమారు మూడోవంతు మాత్రమే చక్రాలు తిప్పడానికి పనికొస్తుంది. ఇంకో మూడోవంతు సైలెన్సర్ గొట్టంలోంచి వేడిగా పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని ఇంజను చుట్టూ తిరిగే నీరు మోసుకొస్తుంది. ఆ వేడినీరు రేడియేటర్లోని సన్నటి గొట్టాల గుండా పారుతుంది. గొట్టాల మధ్య కాగితమంత పలచని రేకు రెక్కలు వందల కొద్దీ ఉంటాయి. కారు ముందుకి వెళ్తుంటే ఆ రెక్కల సందుల్లోంచి గాలి దూసుకుపోతుంది. నీరు చల్లబడి మళ్లీ ఇంజన్లోకి వెళ్తుంది. కారు ఆగి ఉన్నప్పుడు గాలి లాగే పని ఫ్యాన్‌ది.

అంటే లోపల నీళ్లు నిండుగా ఉన్నంత మాత్రాన చాలదు. బయట గాలి ఆడాలి. ఎండాకాలంలో గడ్డి మెత్తల మీద దుమ్ము పేరుకుపోయిన ఎయిర్ కూలర్ ఎంత తిరిగినా చల్లబరచదు చూడండి, ఇదీ అంతే. రెక్కల సందులు మూసుకుపోతే నీళ్లున్నా, ఫ్యాన్ తిరుగుతున్నా, ఇంజను ఉడికిపోతుంది.

టోపీ పిన్నుతో బాగుచేసిన బెర్తా

కారుకీ ఆడవాళ్లకీ ఏం సంబంధం అనేవాళ్లకి చెప్పాల్సిన కథ ఒకటుంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకి చెప్పకుండానే బయటికి తీసింది. ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. దూరం వంద కిలోమీటర్ల పైమాటే. మోటారు బండి మీద అంత దూరం అంతకుముందు ఎవరూ వెళ్లలేదు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఇంజను చల్లబరచడానికి వాడే నీరు ఆవిరైపోతూ ఉంటే, కనిపించిన చోటల్లా ఆగి నీళ్లు నింపుకుంటూ వెళ్లింది. ప్రపంచంలోనే మొదటి దూరప్రయాణం చేసిన డ్రైవరమ్మకి మొదటి తలనొప్పి కూడా ఇంజను వేడేనన్నమాట!

ఆ తలనొప్పికి మంచి మందు 1900లో దొరికింది. విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు తేనెపట్టు లాంటి రేడియేటర్ని తయారుచేశాడు. అందులో 8,070 సన్నటి గొట్టాలు. వాటిలోంచి గాలి పోతుంటే చుట్టూ ఉన్న నీరు చల్లబడేది. అది అమర్చిన పందెపు కారు 1901లో ఫ్రాన్సులోని నీస్ పందేల్లో అందరినీ వెనక్కి నెట్టేసింది. ఆ కారు కొన్న వ్యాపారి దానికి తన పదకొండేళ్ల కూతురి పేరు పెట్టించాడు. ఆ పిల్ల పేరు మెర్సిడెస్. ఇంజను ఎంత బలమైనదైనా, దాని వేడిని దించగలిగితేనే వేగం సాధ్యమని ఆ కారు రుజువు చేసింది.

సందులు సన్నవైతే చల్లదనం ఎక్కువ. అవే సందులు చెత్తకి సులభంగా దొరికిపోతాయి. ఈ చిక్కు అప్పటి నుంచీ ఉన్నదే. 1996లో వచ్చిన పోర్షే బాక్‌స్టర్ అనే స్పోర్ట్స్ కారుకి రేడియేటర్లు ముందు బంపరు రెండు మూలల్లో, నేలకి దగ్గరగా ఉంటాయి. గాలి పీల్చుకునే ఆ నోళ్లలోకి రోడ్డు మీది ఎండుటాకులు, కాగితాలు దూరిపోయి లోపలే కుళ్లుతాయి. లక్షలు పోసి కొన్నవాళ్లు కూడా బంపరు ఊడదీసి ఆకులు ఏరుకోవలసిందే. మరి మన అంబాసిడరూ, మారుతీ ఏపాటి?

మన రోడ్ల మీది చెత్తకీ ఓ క్యాలెండరు

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ఎనిమిది జిల్లాలయ్యాయి గానీ, రోడ్డు మీది చెత్తకి ఆ సరిహద్దులు తెలియవు. ఏ నెలలో ఏది ఎగురుతుందో మనకి బాగానే తెలుసు. దాన్ని కారు ముక్కుతో కలిపి ఆలోచించం, అంతే.

దసరా దాటాక పత్తి మొదలు. ఆదిలాబాద్ మార్కెట్‌కి, జమ్మికుంట మార్కెట్‌కి పత్తి బండ్లు వరుస కడతాయి. ట్రాక్టరు మీద గుట్టలా నింపిన పత్తిలోంచి పింజలు గాలికి లేస్తూనే ఉంటాయి. రోడ్డు పక్క తుమ్మచెట్లకి పత్తి పూసినట్టు తెల్లగా వేలాడటం చూసే ఉంటారు. చెట్టుకి అంటుకున్నది కారుకి అంటుకోదా? అన్ని చెత్తల్లోకీ మొండిది ఇదే. ఎండుటాకైతే కారు ఆగగానే రాలిపడొచ్చు. పింజ రాలదు. దాని పోగులు ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకి వంతెన కడతాయి. ఆ వంతెన మీద దుమ్ము కూర్చుంటుంది. మంచు తడి తగిలి ఆరాక అది కంబళి ముక్కలా తయారవుతుంది.

వరి కోతలు ఏడాదికి రెండుసార్లు. వానాకాలం పంట అక్టోబరు నుంచి, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో. కల్లాలు చాలక రైతులు వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు. వాళ్లని అని లాభం లేదు, పంట తడిస్తే వాళ్ల బతుకే తడిసిపోతుంది. అయితే ఆ అంచుల్లోంచి కారు వెళ్లినప్పుడల్లా తాలు, పొట్టు, గడ్డిపరకలు పైకి లేస్తాయి. పరక సందులో అడ్డంగా ఇరుక్కుంటుంది. పొట్టు దాని వెనక చేరుతుంది.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాటేదాకా ఆకురాలు కాలం. లక్సెట్టిపేట నుంచి జన్నారం మీదుగా ఉట్నూరు వెళ్లే దారి కవ్వాల్ అడవిలోంచి పోతుంది. అక్కడి టేకాకు ఒక్కోటి విస్తరంత ఉంటుంది. అలాంటివి రెండు గ్రిల్‌కి అతుక్కుంటే సగం రేడియేటర్‌కి తలుపు వేసినట్టే. నయమేమిటంటే, ఇది కంటికి కనపడుతుంది, చేత్తో తీసేయొచ్చు.

గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల, శ్రీరాంపూర్ వైపు బొగ్గు లారీలు, బూడిద లారీలు తిరుగుతాయి. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు లారీల వెనక రాతిపొడి. ఈ పొడి సన్నం కాబట్టి సందుల్లోంచి చాలావరకు దాటిపోతుంది. కానీ పాత ఇంజను ఎక్కడో ఓ చోట ఆయిలు చెమరుస్తుంది కదా, ఆ జిడ్డు రేడియేటర్ మీద పడితే మాత్రం పొడి అంతా దానికే అంటుకుంటుంది. వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను రెక్కలు గుర్తు తెచ్చుకోండి.

తొలకరి పడగానే సాయంత్రం పూట ఉసిళ్లు. లైట్ల వెలుగుకి గుంపులుగా వచ్చి పడి, రెక్కలన్నీ జాలీలో ఇరికిస్తాయి. ఇక పాలిథిన్ కవరుకి కాలం లేదు, ఏడాది పొడవునా ఎగురుతుంది. గ్రిల్‌కి ఒక్క కవరు అంటుకుంటే చాలు.

మనం ప్రేమతో తగిలించే చెత్త కూడా ఒకటుంది. కొండగట్టుకి తీసుకెళ్లి బండికి పూజ చేయించడం, దసరాకి బంతిపూల దండలు వేయడం మన ఆనవాయితీ. దండ వేయండి, వద్దని ఎవరన్నారు? కానీ గ్రిల్ మీద అడ్డంగా వేసి వారం రోజులు అలాగే తిరిగితే పూరేకులు, నారపోగులు అన్నీ లోపలికే పోతాయి. పూజయ్యాక దండని బానెట్ మీదికి జరిపి, ఇంటికి రాగానే తీసేయండి. దేవుడేమీ అనుకోడు.

పాత కారుకే ఎందుకింత కష్టం?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 1983లో మొదలైన మారుతీ 800 కూడా అదే ఏడాది ఆగింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలాముందే పోయింది. అయినా మన పట్టణాల్లో కొన్ని ఇళ్ల ముందు ఇవి ఇంకా కనిపిస్తాయి. కొందరికి అది తండ్రి జ్ఞాపకం, కొందరికి కొత్తది కొనే స్తోమతు లేకపోవడం. కారణమేదైనా, వయసు మళ్లిన కారు వేడిని తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది.

ఏళ్ల తరబడి బోరునీళ్లు పోసి ఉంటే లోపల గొట్టాల్లో ఉప్పు పొర కట్టి ఉంటుంది. గిన్నెలో నీళ్లు కాచినప్పుడు అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే. రెక్కలు కొన్ని రాళ్లు తగిలి వంగి ఉంటాయి. ఫ్యాన్ బెల్టు వదులై ఉంటుంది. పైగా తర్వాత ఎప్పుడో ఏసీ పెట్టించి ఉంటే, దాని కండెన్సర్ కూడా రేడియేటర్ ముందే కూర్చుంటుంది. అంటే గాలి ఒకటి కాదు, రెండు జాలీలు దాటాలి. ఆ రెండింటి మధ్య సందులో చేరిన చెత్త ముందు నుంచి చూసినా కనిపించదు, వెనక నుంచి చూసినా కనిపించదు. కొత్త కారు పావువంతు మూసుకుపోయినా ఎలాగో నెట్టుకొస్తుంది. పాతది అంత ఓర్చుకోలేదు. బయట ఎండ 45 డిగ్రీలున్నప్పుడు అసలే ఓర్చుకోలేదు. రామగుండం, ఆదిలాబాద్ ఎండలు మీకు నేను చెప్పాలా?

మా వీధిలో ఓ పెద్దావిడ ఉన్నారు. భర్త పోయాక ఆయన పద్మిని కారుని అమ్మకుండా అట్టేపెట్టుకున్నారు. కిందటి చలికాలం ఆదిలాబాద్ పెళ్లికి వెళ్లి వస్తుంటే దారి పొడవునా ముల్లు ఎర్రగీత వైపే. రెండుచోట్ల ఆగి నీళ్లు చూస్తే నిండుగానే ఉన్నాయి. ఇంటికి చేరాక మెకానిక్కుని పిలిస్తే, వాటర్ పంపు పోయిందేమో, ఇంజను విప్పాలేమో అని ఆవిడ భయం. అతను వంగి చూసి గ్రిల్ వెనక నుంచి గుప్పెడు పత్తి లాగాడు. "ఇంజను మంచిగనే ఉందమ్మా. గాలి పోయే తొవ్వ మూసుకపోయింది, అంతే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఆదివారం ఆదివారం తనే చూసుకుంటున్నారు. "దేవుడి గది దులుపుకున్నట్టే ఇదీనూ" అంటారు.

ముల్లు ఏమంటోంది?

స్పీడోమీటర్ దగ్గర ఉండే చిన్న టెంపరేచర్ ముల్లుని రోజూ చూడటం అలవాటు చేసుకోండి. మామూలుగా మీ కారులో అది ఎక్కడ నిలబడుతుందో తెలిస్తేనే, ఎప్పుడు పైకి పోయిందో తెలుస్తుంది.

ఒక చిన్న గుర్తు. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ముల్లు పైకి పోయి, కారు కదిలి గాలి తగలగానే దిగితే చాలావరకు తప్పు ఫ్యాన్‌ది, లేదా దాని బెల్టుది. అలాకాక, ఊళ్లో బాగానే ఉండి రాజీవ్ రహదారి మీద వేగంగా వెళ్తున్నప్పుడు, లేదా నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ముల్లు పైకి పోతుంటే రేడియేటర్ మూసుకుపోయిందేమో అనుమానించాలి. ఏసీ మునుపటంత చల్లగా రాకపోవడం కూడా ఒక గుర్తే.

అనుమానం తీరాలంటే టార్చి పరీక్ష ఉంది. ఇంజను చల్లారాక, చీకటి పడ్డాక బానెట్ ఎత్తండి. ఒకరు రేడియేటర్ వెనక నుంచి టార్చి వేయాలి, ఇంకొకరు ముందు నుంచి చూడాలి. వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపించిన చోట గాలి ఆడుతున్నట్టు. నల్లగా ఉన్నచోట మూసుకుపోయినట్టు. కండెన్సర్ ఉన్న కారులో రెండింటి మధ్య సందులోకి పైనుంచి టార్చి వేసి తొంగిచూడండి. పిల్లల్ని టార్చి పట్టుకోమంటే సరదాగా పట్టుకుంటారు. వాళ్లకీ ఓ సైన్సు పాఠం అవుతుంది.

శుభ్రం చేద్దాం రండి

మొదట జాగ్రత్తల మాట. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, పూర్తిగా చల్లారనివ్వాలి. పొద్దున్నే లేవగానే చేసుకుంటే మేలు. కరెంటు ఫ్యాన్ ఉన్న కొన్ని కార్లలో తాళంచెవి తీసినా వేడికి ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి వంగడం అసలే వద్దు. తిరిగే ఫ్యాన్, బెల్టు దగ్గర పైట కొంగు, చున్నీ, జడ, గాజులు, అన్నీ ప్రమాదమే. కొంగు బొడ్లో దోపి, జుట్టు ముడి వేసుకుని పని మొదలుపెట్టండి.

ముందుగా చేతికి అందే ఆకులు, కవర్లు, పింజలు ముందువైపు నుంచి ఏరేయండి. తర్వాత మెత్తటి బ్రష్ తీసుకుని, రెక్కలు ఏ దిశలో ఉన్నాయో ఆ దిశలోనే నెమ్మదిగా దువ్వండి. రంగులు వేసే బ్రష్ పాతదైతే బాగా పనికొస్తుంది. అడ్డంగా గీస్తే రెక్కలు వంగిపోతాయి.

ఇప్పుడు అసలు కిటుకు. టీ వడగట్టే జాలీలో పొడి ఇరుక్కుంటే ఏం చేస్తాం? బోర్లించి కుళాయి కింద పెడతాం. పొడి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. రేడియేటర్‌కీ అదే సూత్రం. చెత్త ముందు నుంచి వచ్చింది కాబట్టి నీళ్లు ఇంజను వైపు నుంచి ముందుకి కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది. అంబాసిడర్లో బానెట్ కింద చోటు ఎక్కువ, పైపు సులువుగా పడుతుంది. మారుతీ 800లో చోటు ఇరుకు, ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి కొంచెం కొంచెంగా కొట్టాలి. ఇగ్నిషన్ వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ మీద నీళ్లు పడకుండా ముందే ఓ పాలిథిన్ కవరు కప్పండి. పనయ్యాక తీయడం మరిచిపోవద్దు, లేకపోతే మనమే కొత్త చెత్త తయారుచేసినట్టు!

తోట పైపు నీళ్ల ధార చాలు. సర్వీసింగులో వాడే హై ప్రెషర్ ధార దగ్గర నుంచి కొడితే, కాగితంలాంటి ఆ రెక్కలు మడతపడి సందులు శాశ్వతంగా మూసుకుపోతాయి. మా బంధువుల కారుకి ఓ చోట అలాగే జరిగింది. దుమ్ము పోయింది గానీ, గాలి తోవ కూడా పోయింది. వాటర్ సర్వీసింగుకి ఇచ్చేటప్పుడు "రేడియేటర్ మీద గట్టిగా కొట్టకండి" అని ఒక్కమాట చెప్పండి. పత్తి, పొట్టు పొడిగా ఉంటే నీళ్లకంటే ముందు గాలి మంచిది. పంచరు షాపులో గాలిపైపు ఉంటుంది కదా, కాస్త దూరం నుంచి, వెనక నుంచి ముందుకి కొట్టమనండి.

జిడ్డు ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు నీళ్లలో పలచగా కలిపి చిలకరించి, పది నిమిషాలయ్యాక కడిగేయండి. బట్టల సోడా, కాస్టిక్ సోడా వద్దు. తర్వాతి కాలం కార్లలో రేడియేటర్లు అల్యూమినియంవి, సోడా దాన్ని తినేస్తుంది. పాతకాలం కార్లలో రాగి, ఇత్తడివి ఉంటాయి. రాగి చెంబులా మెరిపిద్దామని చింతపండు మాత్రం రుద్దకండి!

వంగిన రెక్క కనిపిస్తే మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా నిలబెట్టొచ్చు. పిన్నీసు, సూది, జడపిన్ను జోలికి పోవద్దు. బెర్తా టోపీ పిన్నుతో పొడిచింది ఇంధనం గొట్టాన్ని. రేడియేటర్లో పొడిస్తే నీళ్ల గొట్టానికి చిల్లు పడుతుంది.

మామూలు రోజుల్లో నెలకోసారి చాలు. పత్తి, వరి కోతల కాలంలో మాత్రం వారానికోసారి, దూరప్రయాణం చేసి వచ్చిన మర్నాడు తప్పకుండా చూడాలి. వరికోత మిషన్ల డ్రైవర్లని గమనించండి. వాళ్లు పని మధ్యలో ఆగి ఆగి రేడియేటర్ జాలీ దులుపుకుంటారు. దులపకపోతే మిషన్ పొలంలోనే నిలిచిపోతుందని వాళ్లకి తెలుసు. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య చెత్త చేరితే మాత్రం మెకానిక్కుతో విప్పించాలి. ఎండాకాలం ముందు ఏడాదికోసారి ఆ పని చేయించుకుంటే చాలు.

జాలీ పెడితే?

గ్రిల్ వెనక ఓ జాలీ పెట్టుకుంటే సగం చెత్త బయటే ఆగిపోతుంది. కానీ కిటికీకి కొట్టే దోమల జాలీ వద్దు. దాని కళ్లు మరీ సన్నం, గాలినే ఆపేస్తుంది. పైగా పింజలతో ఒక్క ప్రయాణంలోనే మూసుకుపోతుంది. వేరుశనగ గింజ దూరేంత కళ్లున్న ఇనుప జాలీ తీసుకోండి. రేడియేటర్‌కి ఆనకుండా, గ్రిల్‌కి దగ్గరగా, ఊడదీయడానికి వీలుగా తీగెతో కట్టించండి. పొడవాటి ప్రయాణంలో టీ కోసం ఆగినప్పుడల్లా ఓసారి చేత్తో తుడవాలి. జాలీ పెట్టాం కదా అని చూడటం మానేస్తే, జాలీయే అసలు అడ్డం అవుతుంది. సీజను అయిపోగానే తీసేయడం ఇంకా మంచిది.

దారిలో పొగలొస్తే

ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తుంటే ముందు ఏసీ ఆపేయండి. హీటర్ ఉన్న కారైతే అద్దాలు దించి హీటర్ పూర్తిగా తిప్పండి. ఎండలో హీటరేమిటని నవ్వకండి, ఇంజను వేడిలో కొంత అది బయటికి లాగేస్తుంది. అయినా ముల్లు దిగకపోతే, ఆవిరి కనిపిస్తే, నీడ చూసుకుని రోడ్డు పక్కకి ఆపి ఇంజను కట్టేయండి. "ఇంకో ఐదు కిలోమీటర్లే కదా, ఊరొచ్చేస్తుంది" అనే మాటే ఇంజన్ల ప్రాణం తీస్తుంది. ఆ ఐదు కిలోమీటర్లలో హెడ్ వంగిపోవచ్చు, గ్యాస్కెట్ కాలిపోవచ్చు. గుప్పెడు పత్తి తీస్తే పోయేదానికి ఇంజను విప్పి మరమ్మతు చేయించుకోవాల్సి వస్తుంది. పాత కారుకి ఆ ఖర్చు పెట్టలేక పాతసామానుకి అమ్మేసుకున్న ఇళ్లూ ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట, వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు. కుక్కర్లో ఆవిరి పోకముందే మూత తీస్తామా? ఇదీ అంతే. మూత బిగించి ఉన్నంతసేపూ ఒత్తిడి వల్ల లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం అదంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. కనీసం ముప్పావు గంట ఆగండి. పైన ఉండే రబ్బరు గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకనే, మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకి తిప్పి, మూతని కొద్దిగా తిప్పి ఆపండి. మిగిలిన ఆవిరి పోయాక పూర్తిగా తీయండి. ఇంజను కాలుతుండగా చల్లనీళ్లు గుమ్మరించకూడదు, ఇనుము పగలొచ్చు. చల్లారాక కొంచెం కొంచెంగా పోయాలి. ఈ ఆగిన సమయంలోనే గ్రిల్ ముందు వంగి ఆకులు, కవరు ఏమైనా అడ్డం పడ్డాయేమో చూడండి.

ఒకవేళ చెయ్యి కాలితే వెంటనే మామూలు చల్లటి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. పసుపు, టూత్‌పేస్టు, సిరా రాయొద్దు. మొహం మీద గానీ ఎక్కువ మేర గానీ కాలితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకోమాట. రేడియేటర్లో వాడే కూలెంట్ తియ్యగా ఉండే విషం. రంగు చూసి పిల్లలు షర్బత్ అనుకుంటారు, కుక్కలు నాకుతాయి. ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి అలమారలో పెట్టే అలవాటు వెంటనే మానుకోండి. కూలెంట్‌లో కలపడానికి బోరునీళ్లు కాక, బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ వాడితే లోపల ఉప్పు పొర కట్టదు.

ఎవరి పని ఇది?

కారు ఆగిపోతే నడిరోడ్డు మీద ఎక్కువ ఇబ్బంది పడేది ఎవరు? మగవాళ్లు లారీ ఆపి మెకానిక్కు కోసం వెళ్తారు. పాలకేడ్చే పిల్లాడితో, మోకాళ్ల నొప్పుల అత్తగారితో, ఒంటి మీది పెళ్లి నగలతో చెట్టు కింద గంటల తరబడి కూర్చునేది మనం. మరి ఆ ఇబ్బంది రాకుండా చూసుకునే పని మనకి తెలియకపోతే ఎలా?

ఈ పనికి పెద్ద చదువు అక్కర్లేదు, కండబలం అక్కర్లేదు. బియ్యంలో రాయి కనిపెట్టే కళ్లు, పిండి జల్లెడ దులిపే చేతులు చాలు. పది నిమిషాల పని, ఓ బ్రష్, ఓ టార్చి, రెండు బకెట్ల నీళ్లు. ఈసారి ప్రయాణానికి సంచులు సర్దుకునే ముందు ఓసారి కారు ముందు వంగి చూడండి. గ్రిల్ సందులో పత్తి పింజ కనిపిస్తే ఎవరినీ పిలవకండి. మీ చేత్తోనే తీసేయండి.